ఏనుగుకి దారి ఇచ్చిన మిసోజి

మిసోజి అంటే న్యాంజా భాషలో కన్నీళ్లు. ఆమె పుట్టిన వారంలోనే తాత పోయాడట. ఇంటిల్లిపాదీ ఏడుస్తూ ఆ పేరు పెట్టేశారు. కానీ ఆ పేరుకీ ఈ మనిషికీ ఎక్కడా పొత్తు కుదరలేదు. నలభై నాలుగేళ్లు వచ్చినా ఆమె నడుం వంగలేదు, గొంతు తగ్గలేదు. ఎండుటాకుల మీద నడిచినా అడుగు చప్పుడు వినిపించదు. నవ్విందంటే మాత్రం నది అవతలి ఒడ్డుకి వినిపిస్తుంది.

లువాంగ్వా నది పక్క అడవిలో అతిథుల్ని తిప్పి జంతువుల్ని చూపించడం ఆమె పని. జీపులో కూర్చోబెట్టి కాదు, కాలినడకన. ముందు తుపాకీతో అటవీశాఖ గార్డు, అతని వెనక గైడు, గైడు వెనక ముగ్గురో నలుగురో అతిథులు, చిట్టచివర కెటిలూ కప్పులూ మోసే టీ మనిషి, అందరూ ఒకే వరుసలో నడవాలి. గైడు చెయ్యెత్తితే ఆగాలి. గైడు మాట్లాడమనేదాకా నోరు మెదపకూడదు. తుపాకీ గార్డు చేతిలో ఉన్నా, అది పేలాలా వద్దా అన్న మాట గైడుదే.

క్యాంపులో పనికి చేరిన నాటి నుంచి, ఆ వరుసలో గైడు చోటికి రావడానికి మిసోజికి పదకొండేళ్లు పట్టింది. పంతొమ్మిదో ఏట నది ఒడ్డున ఉన్న క్యాంపులో దుప్పట్లు ఉతకడానికి చేరింది. ఏడేళ్లయ్యాక, ఒకరోజు తెల్లవారేసరికి టీ మోసే మనిషికి మలేరియా తగిలింది. అతిథులు బూట్లు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మిసోజి ఉతుకుతున్న దుప్పటి అలాగే వదిలేసి, తడి చేతులు తుడుచుకుని కెటిల్ అందుకుంది. ఆడమనిషి టీ మోయడం ఆ క్యాంపులో అదే మొదలు. మధ్యాహ్నం తిరిగొచ్చాక ఆ కెటిల్ ఆమె మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.

వరుస చివర నడిచేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. ముందువాళ్లు చూసిందంతా చూడొచ్చు, వాళ్లు చూడకుండా వదిలేసిందీ చూడొచ్చు. ఏ జాడ నిన్నటిదో, ఏది ఈ పొద్దుటిదో, బబూన్ కోతి ఊరికే అరిస్తే ఎలా ఉంటుందో, చిరుతని చూసి అరిస్తే ఎలా ఉంటుందో ఆమె వెనక నుంచే నేర్చుకుంది. అర్థం కానిది టీ దగ్గర గార్డుని అడిగేది. ఆ గార్డు పేరు యోతాము న్జీమా. ఎంగోనీ తెగవాడు, ఆమె కంటే పదిహేనేళ్లు పెద్ద. మొహం ఎప్పుడూ గంటు పెట్టుకునే ఉంటాడు గానీ టీలో చక్కెర ఎక్కువేస్తే మెత్తబడతాడు. మిసోజి నాలుగు చెంచాలు వేసేది. అలా నాలుగు చెంచాల లెక్కన అడవి మొత్తం నేర్పించేశాడు ఆయన, ఈ పిల్ల రేపు తన నెత్తిన కూర్చుంటుందని తెలియక.

గైడు పరీక్ష మొదటిసారి తప్పింది. చెట్ల పేర్లు తన భాషలో నూటయాభై చెప్పగలదు, కాగితం మీద లాటిన్లో రాయమన్నారు. రెండోసారికి ఆ పేర్లన్నీ ఉతికిన దుప్పట్లలా ఒకదాని పక్కన ఒకటి ఆరబెట్టుకుని బట్టీ పట్టింది. తుపాకీ పరీక్షలో ఐదు గుళ్లూ గురికి తగిలాయి. ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని గైడుగా మొదటిరోజు వరుసలో రెండో స్థానంలో నిలబడింది.

న్జీమా ఆమె వైపు చూడలేదు. తుపాకీ భుజాన వేసుకుని, తన ఇష్టమొచ్చిన వేగంతో నడిచి వెళ్లిపోయాడు. వెనక్కి తిరగలేదు. మిసోజి పిలవలేదు, పరుగెత్తి అందుకోలేదు. అతిథుల్ని ఒక నల్లమద్ది లాంటి పెద్ద చెట్టు కింద కూర్చోబెట్టి, చీమలు ఆకుల్ని ఎలా కుడతాయో చూపిస్తూ కూర్చుంది. ఇరవై నిమిషాల తర్వాత న్జీమా చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చాడు.

"ఆగిపోయావేం?" అన్నాడు కోపంగా.

"నేను ఆగలేదు బాబాయ్. తుపాకీ ఒక్కటే షికారుకెళ్లింది. మనుషులు ఇక్కడున్నారు."

ఆ రోజు నుంచి న్జీమా పదడుగులకోసారి వెనక్కి చూడటం అలవాటు చేసుకున్నాడు. ఊళ్లోవాళ్లు ఏమనుకున్నారంటారా, ఆమె మొగుడు దాలిసో సైకిళ్లు బాగుచేస్తాడు. "పెళ్లాం సింహాల మధ్య తిరుగుతుంటే ఇంట్లో న్షిమా సంకటి నువ్వు కెలుకుతున్నావా?" అని ఎవరో ఎగతాళి చేస్తే, "నా వంట తినే ధైర్యం ఉన్న మనిషికి సింహం ఓ లెక్కా?" అన్నాడట. దాంతో ఆ మాట అక్కడే ఆగింది.

ఇక చెప్పదలచుకున్న సంగతి ఆమె గైడు అయిన పద్నాలుగో ఏడు జరిగింది. అక్టోబరు నెల. నది సన్నబడి, మడుగులు బురదగుంటలై, అడవిలో నీళ్లున్న చోటల్లా జంతువులు కిక్కిరిసి ఉండే కాలం. ఎండకి సైకిలు సీటు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

ఆ వారం ఆమెకి ముగ్గురు అతిథులు. ఒకామె బెల్జియం నుంచి వచ్చిన ఇల్సె. కాన్పులు చేసే మంత్రసాని, మాట తక్కువ, మెడలో బైనాక్యులర్. మిగతా ఇద్దరూ కాబ్వే పట్నం నుంచి వచ్చిన ముసలి దంపతులు. సొంత దేశం వాళ్లు నడక సఫారీకి రావడం అరుదు కాబట్టి క్యాంపంతా బయటికొచ్చి చూసింది. ఆయన పేరు కపొట్వే, బెంబా తెగ. ముప్పై నాలుగేళ్లు గూడ్సు రైలు నడిపి రిటైరైన డ్రైవరు. బొజ్జ, పెద్ద గొంతు, తెల్లటి టోపీ. ఆవిడని అందరూ పెద్ద కూతురి పేరుతో బానా ముతాలే, అంటే ముతాలే అమ్మ అంటారు. బజార్లో చితెంగె గుడ్డలు అమ్ముతుంది. నడుముకి ఎర్రటి చితెంగె, దానిమీద పసుప్పచ్చ నెమళ్లు.

"అమ్మా, ఈ నెమళ్లని ఈ నాలుగు రోజులూ పెట్టెలో పడుకోబెడదామా?" అంది మిసోజి.

"అయ్యో, ఎందుకే తల్లీ? మీ ఏనుగులకి నచ్చదా?"

"నచ్చుతుందనే భయం. కాబ్వే దాకా మీ వెనకే వస్తాయి."

ఆవిడ పగలబడి నవ్వి బూడిదరంగు గుడ్డ కట్టుకొచ్చింది. కపొట్వే మాత్రం నవ్వలేదు. మిసోజిని పైనుంచి కిందిదాకా చూసి, "గైడు ఎప్పుడొస్తాడు?" అన్నాడు.

"వచ్చి మీ ఎదురుగానే నిలబడింది నాన్నగారూ."

"నువ్వా?"

"నేనే. ఇంకా పెద్ద గైడు కావాలంటే సింహాన్నే అడగాలి. దానికి టీ పెట్టడం రాదు."

అంతలో ఆయన కన్ను న్జీమా మీద పడింది. ఎంగోనీ వాడని తెలియగానే మొహం విప్పారింది. బెంబాలకీ ఎంగోనీలకీ తాతలనాటి యుద్ధాల తర్వాత కుదిరిన బావా బావమరిది వరస ఒకటుంది. ఎదురుపడితే ఒకరినొకరు తిట్టుకోవాల్సిందే, ఎవరికీ కోపం రాకూడదు.

"ఓరి బావా! ఎలకలు తినే జాతివాడి చేతికి తుపాకీ ఇచ్చారా? పొదలో ఎలుక కదిలితే మా గతేం కాను, గురి దానిమీదకే పోతుందే!"

న్జీమా ఆ ఉదయమంతా మాట్లాడని మనిషి. గొంతు సవరించుకున్నాడు. "నా సంగతలా ఉంచు. కోతుల్ని తినే నువ్వు అడుగుపెట్టావని తెలిసి పొద్దున్నించీ ఒక్క బబూన్ కనపళ్లేదు. అన్నీ పిల్లల్ని చంకనేసుకుని కాంగో పారిపోయాయి. అతిథులకి ఏం చూపించమంటావు, నీ మొహమా?"

క్యాంపు క్యాంపంతా నవ్వింది. ఇల్సెకి అర్థం కాకపోయినా నవ్వింది.

మొదటి రెండు రోజులూ కపొట్వేతో మిసోజికి పెద్ద పనే పడింది. ఆయన ఇంజను నడిపిన మనిషి, పెట్టెల వరుసలో ఉండటం అలవాటు లేదు. మెల్లగా పక్కకి జరిగి ముందుకి రావాలని చూసేవాడు. గుసగుసలాడితే పొదలు కదిలేవి. ఒకచోట సింహం జాడ చూపించి, ఇది తెల్లవారుజామున వెళ్లిందని మిసోజి చెబితే, "ఏం, టైంటేబుల్ నీకు పంపిందా?" అన్నాడు.

మిసోజి కూర్చుని జాడ అంచు మీద వేలు పెట్టింది. "రాత్రి రెండింటిదాకా గాలి వీచింది, అయినా అంచు విరగలేదు. అంటే గాలి తగ్గాకే నడిచింది. ఇదిగో, దీనిమీద చిన్న పురుగు పాకిన గీత. ఈ పురుగు వెలుగు రాకముందే మట్టిలోకి పోతుంది. కాబట్టి రెండు దాటాక, అయిదుకి ముందు. మీ గూడ్సు ఎప్పుడైనా ఇంత కచ్చితంగా వచ్చిందా నాన్నగారూ?"

బానా ముతాలే మొగుడి వీపు మీద చరిచింది. "చెప్పు, వచ్చిందా? మన పెళ్లికే నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చింది!" ఆ దెబ్బకి కపొట్వే కాస్త దారికొచ్చాడు. ఆ మధ్యాహ్నం నుంచి ప్రశ్నలు నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు.

మూడో రోజు ఉదయం. రెండు గంటలు నడిచేసరికి కపొట్వేకి మోకాలు పట్టేసింది. టీకి అనుకున్న నీడ ఇంకా అరగంట దూరం. చుట్టూ తిరిగి వెళ్లకుండా ఎండిన వాగు ఇసుకలో దిగి నేరుగా పోతే పది నిమిషాలు. మిసోజి గట్టు మీద ఆగి చూసింది. కుడివైపు, నూటయాభై అడుగుల అవతల మొపాని చెట్ల కింద ఏనుగులు. లెక్కపెట్టింది, ఏడు. అన్నీ ఆడవే, మేత మీద ఉన్నాయి. గాలి వాటి వైపు నుంచి ఇటే వస్తోంది. వాటికి మనుషుల వాసన అందదు. వాగులో ఇసుక మెత్తన, చప్పుడు ఉండదు.

"దిగుదాం," అని సైగ చేసింది.

వాగు సగం దాటారో లేదో ఎడమవైపు రెల్లుపొదల్లోంచి సన్నగా, బూరలో గాలి ఊదినట్టు ఒక అరుపు వినిపించింది.

మిసోజి అటు తిరిగింది. ఆ గొంతు గున్నది. గున్న ఏనుగు ఎడమన ఉంది, తల్లి కుడిన ఉంది, మధ్యలో తన మనుషులున్నారు. కుడివైపున్న ఏడింటిలో గున్న ఒక్కటి కూడా లేదన్న సంగతి అప్పుడు తట్టింది. ఏడు ఆడ ఏనుగులు ఒక్క పిల్లైనా లేకుండా ఎందుకుంటాయి? గట్టు మీదే అడగాల్సిన ప్రశ్న అది, తను అడగలేదు.

కుడివైపు నుంచి ఒక ఏనుగు తిరిగింది. చెవులు చేటల్లా విప్పి, ఘీంకరించి, ఇసుకని తొండంతో ఎగజిమ్ముతూ గట్టు దిగింది. ముందున్న న్జీమా తుపాకీలో గుండు ఎక్కిన టక్కుమన్న శబ్దం వినిపించింది.

"బాబాయ్, నేను చెప్పేదాకా వద్దు," అంది మిసోజి. గొంతు పెంచలేదు. "జెలీపా! వరుస తిప్పు. నువ్వే ముందు. వెనక గట్టు మీదున్న ఆ పెద్ద చెదపుట్ట దగ్గరికి తీసుకెళ్లు. నడిచే వెళ్లాలి."

జెలీపా టీ సామాను మోసే మనిషి, ముప్పై ఏళ్లది. కెటిల్ వదల్లేదు. వెనక్కి తిరిగి, సంతకి వెళ్తున్నట్టు నడక మొదలుపెట్టింది. ఇల్సె ఆమె వెనక నడిచింది. కపొట్వే కదల్లేదు. కదలకూడదని కాదు, కాళ్లు రాలేదు. నోరు తెరిచి ఏనుగు వైపు చూస్తూ నిలబడిపోయాడు.

బానా ముతాలే వెనక్కొచ్చి మొగుడి బెల్టు పట్టుకుంది. "ముతాలే నాన్నా, ఇటు చూడు. ఏనుగుని కాదు, నన్ను చూడు. ఆ కాలు. ఇప్పుడు ఈ కాలు." పసివాడికి నడక నేర్పినట్టు నేర్పుకుంటూ లాక్కెళ్లింది.

ఏనుగు ముప్పై అడుగుల దూరంలో ఆగి తల విదిలించింది. చెవులు ఫటఫటలాడాయి. మొదటిసారి వచ్చేది బెదిరింపు. ఆ సంగతి మిసోజికీ తెలుసు, న్జీమాకీ తెలుసు. చాలా ఏనుగులు అక్కడితో వెనక్కి తగ్గుతాయి. ఇది తగ్గలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, చెవులు తలకి అంటించి, తొండం లోపలికి చుట్టుకుని, ఈసారి చప్పుడు లేకుండా బయల్దేరింది.

"ఇప్పుడా?" అన్నాడు న్జీమా. చెంప తుపాకీకి ఆనించి ఉంది.

వద్దు అనడానికి మిసోజికి రెండు క్షణాలకి మించి లేవు. కానీ ఆ రెండు క్షణాల్లో ఏనుగు కళ్లు చూసింది. అవి ఆమె మీద లేవు, న్జీమా మీదా లేవు. ఇద్దరి మధ్య నుంచి వెనక రెల్లుపొద వైపు చూస్తున్నాయి. దానికి వీళ్లతో తగువు లేదు. వీళ్లు దారికి అడ్డం, అంతే.

"వద్దు. పక్కకి రా!" న్జీమా మోచెయ్యి పట్టి ఏనుగు దారిలోంచి అవతలికి లాగింది. నాలుగడుగులు. గుండు పేలితే గాల్లోకి పేలేది. పేలలేదు. ఇంకో నాలుగడుగులు. ఇసుకలో ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డారు.

ఏనుగు వాళ్ల ముందు నుంచి వెళ్లిపోయింది. ఎంత దగ్గరగా అంటే, దాని పొట్ట మీద ఎండిన బురద పగుళ్లు కనిపించాయి, పచ్చి పేడా ఎండుగడ్డీ కలిసిన వాసన మొహాన కొట్టింది. రెల్లులోంచి గున్న పరుగెత్తుకొచ్చి తల్లి పొట్టకింద దూరింది. దాని వెనక కాపలా ఉన్న కుర్ర ఆడ ఏనుగు కూడా బయటికొచ్చింది. తల్లి తొండంతో పిల్లని ఒళ్లంతా తడిమి చూసుకుంది. తర్వాత మూడూ వచ్చిన దారినే, ఈసారి మనుషులున్న వైపు చూడనైనా చూడకుండా, గట్టెక్కి మొపాని చెట్లలో కలిసిపోయాయి.

న్జీమా గుండు బయటికి తీశాడు. మిసోజి అరచేతిలో పెట్టాడు. "నా జేబులో పడెయ్," అన్నాడు. మిసోజి ఆ గుండు ఆయన జేబులో వేసి గుండీ పెట్టింది.

టీ ఆ చెదపుట్ట నీడలోనే తాగారు. జెలీపా అందరికీ పోసింది. దోసిళ్లతో పోసినట్టు చక్కెర వేసింది, అడగకుండానే. ఇల్సె కప్పు రెండు చేతులా పట్టుకుని, "కాన్పులో కూడా ఇలాగే ఉంటుంది. తల్లి దారి అడుగుతుంది, మనం అడ్డం తప్పుకోవాలి. చాలామంది డాక్టర్లకి అది రాదు," అంది. ఆ మూడు రోజుల్లో ఆమె అన్న పెద్ద మాట అదే.

బానా ముతాలే మిసోజి చెయ్యి పట్టుకుంది. "నువ్వు మమ్మల్ని బతికించావే తల్లీ."

మిసోజి కప్పు కింద పెట్టింది. ఊరుకుంటే సరిపోయేది. అతిథులు సంతోషంగా ఉన్నారు, క్యాంపుకి వెళ్లి గొప్పగా చెప్పుకునేవాళ్లు. గైడు తప్పు చేశానని అతిథులతో చెప్పడం ఆ అడవిలో ఎవరూ వినలేదు. ఆమె తొణకకుండా చెప్పింది.

"బతికించింది నేనే, ఇరికించింది కూడా నేనే అమ్మా. పెద్దాయన మోకాలు చూసి అడ్డదారిన దిగాను. కుడివైపు మంద కనిపించింది, పిల్లలు కనపళ్లేదు. పిల్లల్లేని మంద ఏమిటని అడగాల్సింది. ఎడమవైపు చూడాల్సింది. చూడలేదు. తప్పు నాది. రేపు నాతో నడవడం ఇష్టం లేకపోతే చెప్పండి, వేరే గైడుని పిలిపిస్తాను. ఏమీ అనుకోను."

న్జీమా తలెత్తి ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు. కపొట్వే టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం ఎవరూ వినలేదు.

"కపిరి దగ్గర ఒక గేటు లేని క్రాసింగుండేది. సైకిలుమీద బొగ్గు మూటలు కట్టుకుని ఒకడు దాటుతున్నాడు. చక్రం పట్టాల్లో ఇరుక్కుంది. నేను బ్రేకు వేశాను. గూడ్సు కదా, ఆగడానికి అర మైలు పడుతుంది. వాడు సైకిలు వదిలేసి దూకొచ్చు. దూకలేదు. నా వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎందుకు కదలడూ, ఎందుకు కదలడూ అని ఇరవై ఏళ్లుగా వాణ్ని తిడుతూనే ఉన్నాను లోపల." గుక్క తిప్పుకున్నాడు. "ముప్పై నాలుగేళ్లు నేను ఇంజన్లోంచే చూశాను. పట్టాల మీద నిలబడటం ఇవాళే తెలిసింది. కాళ్లు రావు. నిజంగా రావు."

బానా ముతాలే మొగుడి మొహంలోకి చూసింది. "ఆ పొద్దు ఇంటికొచ్చి బండి పాడైందన్నావు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇదా?"

"ఇదే."

"నాకు చెప్పి ఉంటే సగం మోసేదాన్ని కదయ్యా," అందావిడ. అంతకు మించి తిట్టలేదు. తన కప్పులో మిగిలిన టీ ఆయన కప్పులో పోసింది.

కపొట్వే మిసోజి వైపు తిరిగాడు. "నీ వెనకాల రేపు నడుస్తాను. ఎల్లుండి ఉంటే ఎల్లుండి కూడా. తప్పు చేయలేదనే డ్రైవరుతో పనిచేయడానికి నాకు భయం. అలాంటివాడు రెండోసారి కూడా అదే సిగ్నలు దాటతాడు." తర్వాత న్జీమా వైపు చూసి, పాత గొంతు కాస్త తెచ్చుకుని, "కాల్చనందుకు థాంక్స్ బావా. నువ్వు కాలిస్తే కచ్చితంగా నాకే తగిలేది," అన్నాడు.

"తగిలినా బొజ్జలోనే ఆగిపోయేదిలే," అన్నాడు న్జీమా.

ఆ సాయంత్రం క్యాంపు రిజిస్టరులో జరిగింది జరిగినట్టు రాసింది మిసోజి. క్యాంపు మేనేజరమ్మ చదివి, "ఏనుగు అనుకోకుండా తిరగబడింది అని రాస్తే చాలదా?" అని అడిగింది, మంచికే. "ఏనుగు అనుకునే తిరగబడిందండీ. అనుకోనిది నేను," అంది మిసోజి. రాసింది అలాగే ఉండిపోయింది. మిగతా గైడ్లు అది చదివారు. ఒకరిద్దరు చాటుగా నవ్వుకున్నారు కూడా. కానీ తర్వాతి వారం, ఇద్దరు గైడ్లు విడివిడిగా ఆమె దగ్గరికొచ్చి, తాము ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతులు చెప్పుకున్నారు. వాటిని ఆమె ఇంకెవరికీ చెప్పలేదు గానీ, రెండో అతను వచ్చిన రోజు చీకటి పడేలోగా ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసి వంటగది తలుపుకి అంటించింది. అందులో మొదటిది: మందలో పిల్లలు కనపడకపోతే, పిల్లలు నీ వెనక ఉన్నాయి.

నాలుగో రోజు నడక ప్రశాంతంగా సాగింది. పుకు జింకలు, జిరాఫీలు, నీళ్లలో గుర్రుకొడుతున్న నీటిగుర్రాలు కనిపించాయి. ఒకచోట అడవికుక్కల మంద పొట్టలు నింపుకుని నీడలో దొర్లుతుంటే, వాటిని చూస్తూ అందరూ గంటసేపు బోర్లా పడుకున్నారు. లేవడానికి కపొట్వేకి ముగ్గురు సాయం కావాల్సి వచ్చింది. వెళ్లేటప్పుడు బానా ముతాలే పెట్టెలోంచి ఆ నెమళ్ల చితెంగె తీసి మిసోజి భుజాన కప్పింది. "అడవిలో కట్టకు. ఊళ్లో కట్టుకో. గైడమ్మ వస్తోందని దూరం నుంచే తెలియాలి."

రెండు రోజుల సెలవుకి మిసోజి ఊరెళ్లింది. ఊళ్లో పరిస్థితి వేరు. ముందు వారమే ఏనుగు ఒకటి వచ్చి ఆమె తల్లి గాదె తడిక విరిచి మొక్కజొన్నలు తినిపోయింది. ఆడవాళ్లంతా మామిడిచెట్టు కింద చేరి ఏనుగు లద్దెలో ఎండుమిరప పొడి కలిపి ఇటుకలు చేస్తున్నారు. సాయంత్రం పొలం గట్ల మీద వాటిని రాజేస్తే ఆ ఘాటుకి ఏనుగులు దగ్గరికి రావు. మిసోజి కొత్త చితెంగె విప్పి మడిచి పెట్టి, పాత గుడ్డ కట్టుకుని లద్దె పిసకడానికి కూర్చుంది. తుమ్ములు, దగ్గులు, నవ్వులు. వాగులో జరిగింది చెప్పమంటే చెప్పింది.

ఆమె తల్లికి డెబ్బై దాటాయి. ఏనుగుల్ని చూడటానికి జనం విమానాలెక్కి వస్తారంటే ఇప్పటికీ నమ్మదు. కథంతా శ్రద్ధగా విన్నది.

"అంత దగ్గరగా వచ్చిందా?"

"నీకూ ఆ గాదెకీ మధ్య ఉన్నంత."

"మాట వినిపించేంత దగ్గర."

"ఊఁ."

"అయితే నా మొక్కజొన్నల సంగతి అడక్కుండా ఎలా వదిలేశావే దాన్ని?"

చెట్టుకింద ఆడవాళ్లు విరగబడి నవ్వారు. మిరపపొడి చేతులతో కళ్లు తుడుచుకోబోయి ఒకామె లబోదిబోమంది. మిసోజి ఆమె మొహాన నీళ్లు కొట్టి, మళ్లీ వచ్చి కూర్చుని, "అది వేరే మందమ్మా. మీ దొంగకి ఎడమ దంతం విరిగి ఉంది, తడిక మీద దంతం గాటూ కింద జాడా చూశాను. ఒంటరి మగది. బుధవారం వరకూ రాదు, అవతలి ఒడ్డున మేస్తోంది," అంది.

"బుధవారం వస్తుందా?"

"వస్తుంది. అందుకే చేతులాడించండి. ఇంకా నలభై ఇటుకలు కావాలి."

మధ్యాహ్నానికి యాభై మూడు అయ్యాయి. వాటిని ఎండలో పరిచి, చేతులు బూడిదతో రుద్ది కడుక్కుని, గుమ్మడాకు కూరా వేరుశనగ పొడీ కలిపి న్షిమా తిన్నారు. మర్నాడు తెల్లవారకముందే దాలిసో చైను బిగించి ఇచ్చిన సైకిలెక్కి మిసోజి క్యాంపు దారి పట్టింది. ఏడింటికల్లా కొత్త అతిథులు నలుగురు ఎదురుచూస్తుంటారు. వాళ్లలో ఒకాయనకి పాములంటే భయమని ముందే రాశారు. దారి పొడుగునా ఆయనకి మొదట ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటూ తొక్కింది.